కాలనీ వెనక నాలా: ల్యాబుకు పోయేముందు చేయాల్సిన లెక్క

మీరు అడిగింది ఇది: కాలనీ వెనక నాలా భరించలేనంత కంపు కొడుతోంది, అది పోయి మూసీలో కలుస్తుంది, ఐదారుగురు కలిసి నీళ్లు టెస్ట్ చేయించాలనుకుంటున్నారు. ఏ టెస్టులు చేయించాలి, ఆ తర్వాత దాన్ని బాగుచేయడం కాలనీవాళ్ల వల్ల అవుతుందా అని. నేను చాలా ఏళ్లు నీటి పరీక్షల ల్యాబులో, తర్వాత వాగులు, చెరువుల సర్వేల్లో పనిచేశాను. టెస్టుల సంగతి కొంచెం ఆగి చెప్తాను. ఒక బాటిల్ నిండా నీళ్లు పట్టుకుని ఇప్పుడే ల్యాబుకు పోతే, డబ్బులు పోయి, 'ఈ నీరు కలుషితం' అని ఒక కాగితం చేతికొస్తుంది. ఆ మాట మీ ముక్కు ఎప్పుడో చెప్పింది. మీకు కావాల్సింది మురుగు ఎక్కడ కలుస్తోంది, ఎంత కలుస్తోంది, ఏ వేళలో కలుస్తోంది అన్న లెక్క. అది చేతిలో ఉంటే సగం టెస్టులు అక్కర్లేదు. అది లేకపోతే ఎన్ని టెస్టులు చేయించినా ఏ ఆఫీసూ కదలదు.

ఎండాకాలంలో మీ నాలాలో పారేది వాన నీరు కాదు, ఊట నీరు కూడా చాలావరకు కాదు. మూసీని చూస్తే ఇది అర్థమవుతుంది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన నది హైదరాబాద్ నగరంలోకి రాకముందే గండిపేటలో ఉస్మాన్‌సాగర్ దగ్గర ఆగిపోతుంది. ఈసీ వాగు హిమాయత్‌సాగర్‌లో ఆగుతుంది. 1908 సెప్టెంబరు వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాల మీద కట్టిన జలాశయాలివి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. గేట్లు ఎత్తిన రోజులు తప్పిస్తే బాపూఘాట్ దిగువన నదికి సొంత నీరు లేనట్టే. చాదర్‌ఘాట్ వంతెన మీంచి కనిపించే ప్రవాహం మన వంటిళ్లది, స్నానాల గదులది. అంబర్‌పేటలో 339 ఎంఎల్‌డీ, నాగోలులో 172 ఎంఎల్‌డీ శుద్ధి కేంద్రాలు చాలాకాలంగా ఉన్నాయి (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు). ఆ తర్వాత మొత్తం 1259.5 ఎంఎల్‌డీ సామర్థ్యంతో మరో 31 కేంద్రాలు చేపట్టారు. మంచిదే. కానీ కేంద్రం దాకా చేరని మురుగుకు ఆ కేంద్రం సామర్థ్యం ఎంతైతే ఏంటి? పైపులైనులో పడాల్సింది నాలాలో పడితే అది నేరుగా మూసీలోకే పోతుంది. మీ కాలనీ వెనక జరుగుతున్నది బహుశా అదే.

కాబట్టి మొదటి పని నడవడం. వాన పడి కనీసం మూడు రోజులు దాటాక, తెల్లారిన తర్వాత, నాలా మొదలయ్యే చోటు నుంచి (చాలాచోట్ల అది ఏదో ఒక చెరువు అలుగు) మీ కాలనీ దాకా గట్టు మీద నడవండి. దారిలో కనపడ్డ ప్రతి పైపుకూ, ప్రతి తూముకూ ఒక నంబరు, ఒక ఫోటో, ఫోన్‌లో లొకేషన్. పొడిగా ఉందా, చెమ్మగా ఉందా, పారుతోందా రాసుకోండి. వాన నీటి కోసం వేసిన పైపు ఏప్రిల్‌లో పారుతోందంటే అందులో ఎవరిదో డ్రైనేజీ కలిసిందని అనుకోవాల్సిందే. రంగు కూడా రాయండి. బూడిద రంగు నీళ్లయితే తాజా ఇంటి మురుగు. నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటే గాలి తగలకుండా చాలాసేపు నిలిచిన మురుగు. సబ్బు వాసన, నురగ ఉంటే లాండ్రీనో హాస్టలో చూడండి. పూటకో రంగు మారుతుంటే ఏదో ఫ్యాక్టరీ పని. పైపు మూతి దగ్గర తెల్లటి పీచులాంటి పాచి వేలాడుతుంటే అది నిన్న మొన్న మొదలైన ప్రవాహం కాదు, రోజూ పడుతున్నదే.

స్లాబులు వేసి పైన దుకాణాలు కట్టేసిన భాగాల్లోకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దిగకండి. మ్యాన్‌హోల్ మూత తీసి తల వంచడం కూడా వద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత పెరిగితే వాసన తెలియడం ఆగిపోతుంది, అప్పటికే ఆలస్యమైనట్టు. స్లాబు మొదలయ్యే చోట ఒకసారి, బయటపడే చోట ఒకసారి ప్రవాహాన్ని కొలవండి (ఎలాగో కింద చెప్తాను). ఆ రెండింటి మధ్య తేడాయే కింద చీకట్లో కలిసింది.

ఇక ఎంత అనే లెక్క. దీనికి మీటరు అక్కర్లేదు, ఒక నారింజపండు చాలు. అది చాలావరకు మునిగి తేలుతుంది కాబట్టి గాలికి కొట్టుకుపోదు. నాలా తిన్నగా ఉన్న చోట పది మీటర్లు కొలిచి గుర్తు పెట్టి, పండు వదిలి, ఫోన్‌లో సెకన్లు చూడండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. ఉదాహరణకు వెడల్పు 1.2 మీటర్లు, సగటు లోతు 15 సెంటీమీటర్లు, పండు పది మీటర్లు పోవడానికి 33 సెకన్లు పట్టిందనుకోండి. సెకనుకు 0.3 మీటర్లు. పైన పారే నీటి వేగం అడుగున ఉండదు కాబట్టి 0.85తో గుణించాలి. మొత్తం గుణిస్తే సెకనుకు 46 లీటర్లు, అదే వేగం రోజంతా ఉంటే దాదాపు 40 లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరా, అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుందన్నది మన ఇంజనీర్లు వాడే ప్రమాణం. అంటే తలకు 108 లీటర్లు. మీ నాలాలో పారుతున్నది సుమారు 37 వేల మంది మురుగు.

ఈ అంకె దగ్గర కాసేపు ఆగండి. నా ఉద్దేశంలో మొత్తం పనిలో విలువైనది ఇదే. మీ ఎగువన ఉన్న బస్తీలు, అపార్టుమెంట్లు కలిపి పదివేల మందే ఉంటే మిగతా నీళ్లు ఎక్కడివి? ఎక్కడో పెద్ద డ్రైనేజీ లైను జామ్ అయి నాలాలోకి పొంగుతుండాలి, లేదా ఏదో గేటెడ్ కమ్యూనిటీ తన శుద్ధి ప్లాంటు ఆపేసి నేరుగా వదులుతుండాలి, లేదా మంచినీళ్ల పైపు పగిలి ఉండాలి. మూడూ జరుగుతూనే ఉంటాయి. అదే మీ అంకె ఎగువ జనాభాకు సరిపోతే, అక్కడికి డ్రైనేజీ లైనే వేయలేదేమో చూడాలి. విడివిడి పైపులకైతే బకెట్ చాలు: 15 లీటర్ల బకెట్ ఐదు సెకన్లలో నిండితే సెకనుకు మూడు లీటర్లు, రోజుకు దాదాపు 2.6 లక్షల లీటర్లు, సుమారు 2,400 మంది. 'నాలా చాలా మురికిగా ఉంది సార్' అన్న అర్జీకీ, '14వ నంబరు పైపు నుంచి సుమారు 2,400 మంది మురుగు పడుతోంది' అన్న అర్జీకీ తేడా మీకే తెలుస్తుంది.

వేళ ముఖ్యం. ఇంటి మురుగు పొద్దున ఏడు నుంచి పది దాకా ఎక్కువ, మధ్యాహ్నం తగ్గి రాత్రి మళ్లీ కొంచెం పెరుగుతుంది, తెల్లవారుజామున రెండు మూడు గంటలకు చాలా తగ్గుతుంది. మీ నాలా ఇలాగే ప్రవర్తిస్తే అది ఇళ్లది. అర్ధరాత్రి ఉన్నట్టుండి పెరిగి, వాసన మారిందంటే సెప్టిక్ ట్యాంకర్ ఖాళీ చేస్తున్నారు, లేదా ఏదో ఫ్యాక్టరీ చీకటి చూసి వదులుతోంది. ఎవరిదైనా డాబా నుంచి నాలా కనపడుతుంటే ఒక కెమెరా పెట్టడం అన్నిటికన్నా చవక. ట్యాంకర్ నంబరు ప్లేటు ఫోటో పది ల్యాబ్ రిపోర్టులకు సమానం. మీరు ఎదురుపడి గొడవ పెట్టుకోకండి.

ఇప్పుడు టెస్టులు. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే టీడీఎస్ పెన్ను ఒకటి కొనండి. అది మలినాన్ని కొలవదు, కరిగిన లవణాలను మాత్రమే చూపిస్తుంది. అయినా పైపుకు పైపుకు తేడా పట్టడానికి బాగా పనికొస్తుంది. మొదట మీ నల్లా నీళ్లు, మీ బోరు నీళ్లు చూసి రాసుకోండి. నాలాలోకి పడే ఒక ధార మీ నల్లా నీళ్ల అంకెకు దగ్గరగా ఉంటే అది పైపు లీకేజీ కావచ్చు. చుట్టుపక్కల అన్నిటికంటే రెండు మూడు రెట్లుంటే పరిశ్రమనో ఆర్‌ఓ ప్లాంటు వృథా నీళ్లో అనుమానించండి.

రెండోది అమ్మోనియా. చేపల తొట్టెల షాపుల్లో కిట్లు అమ్ముతారు. అయితే అవి ఎనిమిది మిల్లీగ్రాముల దాకానో, ఇంకా తక్కువో చూపిస్తాయి. పచ్చి మురుగులో లీటరుకు ఇరవై నుంచి నలభై మిల్లీగ్రాములు మామూలే. కాబట్టి ఒక వంతు నాలా నీటికి తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి చూసి, వచ్చినదాన్ని పదితో గుణించండి. ఇలా పలచన చేయకుండా చూసినవాళ్లందరికీ ప్రతి పైపూ ఒకే ముదురు రంగు చూపిస్తుంది, తేడా ఏమీ తెలియదు.

మూడోది దూది పద్ధతి, ఇది నాకు ఇష్టమైనది. బట్టల సబ్బు పొడుల్లో తెల్లదనం కోసం కలిపే పదార్థాలు యూవీ కాంతిలో నీలంగా మెరుస్తాయి. దొంగనోట్లు చూసే చిన్న యూవీ టార్చి కింద మెరవని దూదిని ఎంచుకుని, దోమతెర ముక్కలో చుట్టి, పైపు మూతి దగ్గర రెండు మూడు రోజులు వేలాడదీయండి. తీసి, కడిగి, ఆరబెట్టి చీకటి గదిలో టార్చి వేయండి. మెరిస్తే ఆ 'వాన నీటి' పైపులో ఎవరింటిదో వాషింగ్ మెషిన్ ఉందన్నమాట. మీరు చూసే వేళకు పొడిగా ఉండి, మీరు లేనప్పుడు పారే పైపులను పట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి నాకు తెలియదు.

కరిగిన ఆక్సిజన్ గురించి అందరూ అడుగుతారు. 30 డిగ్రీల దగ్గర శుభ్రమైన నీళ్లలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు మించి నిలవదు. స్నానానికి పనికొచ్చే నదికి కనీసం 5 ఉండాలని మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. బీఓడీ (నీటిలోని మలినాన్ని తినడానికి బాక్టీరియా వాడుకునే ఆక్సిజన్) 3కు మించకూడదు. మురుగు నాలాలో ఆక్సిజన్ సున్నా దగ్గరే ఉంటుంది, దాన్ని రోజూ కొలవడం దండగ. నాలా కాస్త మెరుగుపడ్డాకే ఈ కొలత పనికొస్తుంది. అప్పుడు కూడా సూర్యోదయానికి ముందే కొలవాలి. పాచి ఉన్న నీళ్లలో మధ్యాహ్నం మూడింటికి ఆక్సిజన్ పది దాటి, తెల్లవారుజామున ఒకటికి పడిపోతుంది. చేపలు చచ్చేది ఆ వేళలోనే. మన చెరువుల్లో పొద్దున్నే చేపలు తేలితే 'ఎవరో విషం కలిపారు' అని గొడవలవుతుంటాయి. చాలాసార్లు విషం ఎవరూ కలపరు, రాత్రంతా ఊపిరాడక చచ్చినవే. అధికారుల నెలవారీ నమూనాలు ఆఫీసు టైములో, పగటిపూట తీసేవి. ఆ అంకెలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ల్యాబుకు పంపడం చివరన. ఎక్కువ పారే రెండు మూడు పైపులు, నాలా పై చివర, కింది చివర చాలు. బీఓడీ, సీఓడీ (మలినాన్ని రసాయనాలతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్), అమ్మోనియా, కోలిఫాం (మలం కలిసిందని చెప్పే బాక్టీరియా) అడగండి. సీసా ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు చేర్చండి. బీఓడీ పరీక్ష మన దగ్గర 27 డిగ్రీల వద్ద మూడు రోజులు చేస్తారు, పాత పద్ధతి 20 డిగ్రీలు ఐదు రోజులు. రిపోర్టులో ఏది చేశారో రాయించుకోండి, రెండు ల్యాబుల అంకెలు పోల్చేటప్పుడు తికమక ఉండదు. సీఓడీ బీఓడీకి రెండింతల దగ్గర ఉంటే అది ఇళ్ల మురుగు. నాలుగింతలు దాటితే పరిశ్రమ కలిసిందని కాలుష్య నియంత్రణ మండలికి (పీసీబీకి) రాయడానికి ఆధారం. ఎగువన ఫార్మా యూనిట్లుంటే ఈ మామూలు టెస్టులు ఆ కథ చెప్పవు. పటాన్‌చెరు ప్రాంతంలో మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేశాక బయటికొచ్చే నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. అలాంటి పరీక్షలు కాలనీ స్థాయిలో కుదరవు, యూనివర్సిటీవాళ్లను పట్టుకోవాలి.

జీవాలను కూడా చూడండి, దీనికి పిల్లలను తీసుకెళ్తే ఉత్సాహంగా చేస్తారు. నాలాలోకి కాదు, ఎగువన చెరువు అలుగు దగ్గరకు. రాయి తిప్పితే సన్నటి ఎర్ర పురుగులు మాత్రమే ఉంటే ఆక్సిజన్ లేదని. తోకలాంటి గొట్టం పైకి పెట్టి గాలి పీల్చే పురుగులుంటే ఇంకా అధ్వాన్నం. తూనీగ పిల్లలు, నత్తలు కనిపిస్తే ఫరవాలేదు. మేఫ్లై పిల్లలు (తోకలు మూడు, పొట్టకు రెండు పక్కలా మొప్పలు) దొరికితే ఆ చోటును కాపాడుకోండి. ల్యాబ్ నమూనా ఆ నిమిషం సంగతి మాత్రమే చెబుతుంది. ఈ పురుగులు గడిచిన కొన్ని వారాల సంగతి చెబుతాయి, రాత్రి ట్యాంకర్ వచ్చినా సరే. గుర్రపు డెక్క దట్టంగా పరుచుకుందంటే నైట్రోజన్, ఫాస్ఫరస్ పుష్కలంగా అందుతున్నాయని. దాన్ని ఎంత పీకినా మురుగు ఆగనంతవరకు మళ్లీ వస్తుంది. దాని చాటున నిలిచిన మురికి నీళ్లే క్యూలెక్స్ దోమలకు ఇల్లు.

బాగుచేయడం మీ వల్ల అవుతుందా అంటే, మురుగు ఆపడం కాలనీ వల్ల కాదు, ఆపించడం అవుతుంది. డ్రైనేజీ కనెక్షన్లు, పొంగే లైన్లు జలమండలివి (నగర మంచినీటి, మురుగునీటి బోర్డు). నాలా, చెత్త మున్సిపాలిటీవి. పరిశ్రమలు పీసీబీవి. ఆక్రమణలు ఔటర్ రింగ్ రోడ్డు లోపలైతే 2024 నుంచి హైడ్రా (చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) చూస్తోంది. ఒకే అర్జీ నాలుగు చోట్లా ఇస్తే నలుగురూ పక్కవాళ్లది అంటారు. మీ పైపుల పట్టికను విడగొట్టి, ఎవరి పైపులు వాళ్లకే ఇవ్వండి. గట్టు మీద కట్టడాల గురించైతే 2012 నాటి జీవో 168 చదవండి: పది మీటర్లు దాటిన వెడల్పున్న నాలాకు గట్టు నుంచి తొమ్మిది మీటర్లు, అంతకన్నా చిన్నదానికి రెండు మీటర్లు వదలాలి.

ఈలోగా మీ దగ్గరకు అమ్మకాలవాళ్లు వస్తారు. బాక్టీరియా పొడి, ఎంజైమ్ ద్రావణం, 'నెలలో నాలా క్లీన్' అంటారు. మురుగులో బాక్టీరియాకు కొరత లేదు, కొరత ఆక్సిజన్‌కు, సమయానికి. పారే నాలాలో పోసింది కొన్ని గంటల్లో మూసీకి చేరుతుంది. తేలే మొక్కల తెప్పలు అలా మోసం కాదు. నెక్నాంపూర్ చెరువులో 2018లో వట్టివేరు, కాన్నా లాంటి మొక్కలతో వేసిన తెప్ప మంచి పనే. కానీ అది నిలిచిన నీళ్లలో, వచ్చే మురుగు అదుపులో ఉన్నప్పుడు పనిచేస్తుంది. సెకనుకు 46 లీటర్ల పచ్చి మురుగుకు తెప్ప చాలదు. ఫౌంటెన్లు, గోడలకు రంగులు, బెంచీల గురించి నేనేమీ అనను, మురుగు ఆగాక పెట్టుకోండి.

నాలా అడుగున కాంక్రీటు పోయించమని మాత్రం అడగకండి, ఎవరైనా పోస్తామంటే అడ్డుపడండి. నదికి తనను తాను బాగుచేసుకునే శక్తి కొంత ఉంది. రాళ్లమీద దూకి గాలి కలుపుకోవాలి, మట్టిలోకి ఇంకాలి, జమ్ము, గడ్డి వేళ్ల మధ్య ఆగాలి. నగరం దాటాక మూసీ కత్వాల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) మీదుగా పోయేకొద్దీ బీఓడీ, కోలిఫాం తగ్గుతున్నాయని అక్కడ చేసిన అధ్యయనాలు చూపించాయి. ఉప్పు మాత్రం తగ్గదు, అందుకే దిగువ రైతుల్లో చాలామంది వరి మాని పశుగ్రాసానికి మళ్లారు. సింగపూర్‌లో బిషాన్ పార్కు దగ్గర 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను పగలగొట్టి, మూడు కిలోమీటర్లకు పైగా వంపులతో పారే వాగుగా మార్చారు, 2012లో పూర్తయింది. వరద వస్తే పార్కు మునుగుతుంది, ఇళ్లు మునగవు. మన దగ్గర అంత ఖాళీ లేదంటారు, చాలాచోట్ల నిజమే. ఖాళీ ఉన్నచోటైనా వాగును అలా పారనివ్వమని అడగండి.

మురుగు ఆగితే ఇంకో సమస్య వస్తుంది, ముందే చెప్తున్నాను: నాలా ఎండిపోతుంది. 'బాగుచేస్తామన్నారు, నీళ్లే లేకుండా చేశారు' అంటారు జనం. మూసీ విషయంలో కూడా అసలు ప్రశ్న ఇదే. 2024లో మన మంత్రులు, అధికారులు వెళ్లి చూసొచ్చిన సియోల్‌లోని చియోంగ్యేచియోన్ వాగు 5.8 కిలోమీటర్లు, 2005లో తెరిచారు. చూడ్డానికి అందంగా ఉంటుంది. అందులో పారేదానిలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి రోజూ పంపు చేసే నీరు, దాదాపు 1,20,000 టన్నులు. అహ్మదాబాద్‌లో సబర్మతి రివర్‌ఫ్రంట్‌లో నిండుగా కనిపించేది నర్మద నీరు, వాస్నా బ్యారేజీ దాటాక దిగువన పారేది ఎక్కువగా వ్యర్థ జలమే. మన దగ్గర మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు జంట జలాశయాలకు తెచ్చే ప్రణాళిక ఉంది. నా మట్టుకు నేను, ప్రతి నాలా పై చివరన చిన్న శుద్ధి కేంద్రం పెట్టి శుద్ధి చేసిన నీళ్లను అక్కడే వదలడం ముందు చేయాలంటాను. ఎంత దిగువకు తీసుకెళ్లి శుద్ధి చేస్తే అంత పొడవున నాలా ఎండుతుంది. బీఓడీ 10 లోపు ఉన్న నీరు వేసవిలో సన్నగా పారినా దోమలు, కంపు పెద్దగా ఉండవు. ఎగువ చెరువు దగ్గర శుద్ధి కేంద్రం ఉంటే, ఆ నీళ్లు ఎటు వదులుతున్నారో కనుక్కోండి.

పనులు మొదలయ్యాక మళ్లీ అవే నంబర్ల దగ్గర, అదే వేళకు, అదే నెలలో కొలవండి. ఏప్రిల్ అంకెను ఆగస్టు అంకెతో పోల్చి 'సగానికి తగ్గింది' అనేవాళ్లుంటారు. అది వాన కలిసి పలచబడ్డది, ఎవరి గొప్పా కాదు. వానాకాలంలో మొదటి పెద్ద వాన వచ్చిన తొలి అరగంట నీళ్లు మాత్రం విడిగా ఒక సీసా పట్టండి, రోడ్ల మీది నూనె, చెత్త, కాలువల్లో పేరుకున్న బురద అంతా అప్పుడే కొట్టుకొస్తుంది. వాన నడుస్తుండగా గట్టుకు పోకండి, వంతెన మీంచి తాడుతో బకెట్ వదిలి పట్టుకోండి. గ్లౌజులు, గమ్ బూట్లు, ధనుర్వాతం టీకా తప్పనిసరి. కాలికి పుండు ఉన్నవాళ్లు ఆ రోజు రావద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఇప్పుడు వేసవే కాబట్టి వానలు మొదలయ్యేలోపు పైపుల నడక, నారింజపండు లెక్క ముగించేయండి, దూది వేలాడదీయడానికి కూడా ఇదే అదను.